కబడ్డీ కోర్టు నుంచి కెమెరా ముందుకు, అక్కడి నుంచి కార్పొరేషన్‌కా?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 36. డిగ్రీ చదివే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు కబడ్డీ ఆడాను, రైడర్‌ని. 24వ ఏట మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేయించుకున్నా ఆట మళ్లీ సాగలేదు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాణ్నని ఒక స్నేహితుడు హైదరాబాద్ తీసుకుపోయాడు. ఏడెనిమిదేళ్లు సినిమాల్లో విలన్ పక్కన నిలబడే వేషాలు వేశాను, తర్వాత రెండు సీరియళ్లలో చెప్పుకోదగ్గ పాత్రలు దొరికాయి. రెండో సీరియల్ అయిపోయాక పిలుపులు తగ్గిపోయి ఊరికి తిరిగొచ్చి, ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాను. పొద్దున్నే మా పేట మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. ఆ మైదానంలో బోరు చెడిపోయినప్పుడు, దీపాలు ఆగిపోయినప్పుడు కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి బాగు చేయించాను. ఇప్పుడు ఒక పార్టీవాళ్లు మా డివిజన్ నుంచి కార్పొరేటర్‌గా నిలబడమంటున్నారు. అదే సమయంలో ఒక కొత్త సీరియల్‌కు కబురు వచ్చింది. నెలకు పదిహేను రోజులు హైదరాబాద్‌లో ఉండాలి. నా భార్య నర్సు, ఆమెకు రాజకీయం ఇష్టం లేదు. మా నాయన మాత్రం, "ఆట ఆడితివి, యేషాలు కడితివి, ఇప్పుడు ఓట్లు అడుక్కుంటానంటివి. ఒగదాంట్లోనన్నా నిలబడితివా నాయనా?" అన్నాడు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. నేను నిజంగా నిలకడ లేనివాణ్నా? ఏ దారి పట్టమంటారు?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ నాయన మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఉత్తరం చదివితే తెలుస్తోంది కాబట్టి ముందుగా దాని సంగతే చూద్దాం. ఆట మీరు మానుకున్నది కాదు, మోకాలు మాన్పించింది. ముప్పై సెకన్ల కూతలో ఏడుగురి మధ్యకు వెళ్లి, ఒకరిని తాకి, ఒంటికాలి మీద తిరిగి, మధ్యగీత దాకా వెనక్కి రావలసిన రైడర్‌కు మోకాలే పెట్టుబడి. రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడా కోటాలో ఉద్యోగం దొరికాక గాయపడిన ఆటగాడికి జీతమైనా మిగులుతుంది; అది దొరకక ముందే గాయపడినవాడికి సర్టిఫికెట్ల కట్ట తప్ప ఏమీ మిగలదు. మీరు ఈ రెండో కోవలోకి వస్తారు. ఇక నటన విషయానికొస్తే, సీరియల్ ముగిశాక పిలుపులు తగ్గడం ఆ వృత్తిలో నూటికి తొంభై మందికి జరిగేదే. కథ అయిపోగానే కాల్షీట్లూ అయిపోతాయి, తర్వాతి కథలో మన ఒడ్డూపొడుగుకు సరిపడే పాత్ర ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. అంటే మీ జీవితంలో ఇంతవరకు వచ్చిన మార్పుల్లో మీరు కోరి తెచ్చుకున్నది ఒక్కటీ లేదు. ఒక తలుపు మూసుకుపోయిన ప్రతిసారీ ఇంట్లో కూర్చోకుండా ఇంకొక పని వెతుక్కున్నారు. దాన్ని నిలకడలేనితనమని నేను అనలేను. రెండు దారులు ఒకేసారి తెరిచి ఉండి, వాటిలో ఒకదాన్ని మీరే ఎంచుకోవలసి రావడం మీకు ఇదే మొదటిసారి, అందుకే ఇంత బరువుగా అనిపిస్తున్నట్టుంది.

మీ నాయన మాటల్లో నాకు ఎక్కువగా వినిపించింది మీ సంపాదన గురించిన భయం. ఆయన వయసువాళ్లు మన జిల్లాలో వానను నమ్ముకుని వేరుశనగ వేసి, కొన్నేళ్లు పెట్టుబడి కూడా చేతికి రాక, పిల్లలు నెలజీతం ఉన్న ఒక్క పనిలో కుదురుకుంటే చాలనుకుంటూ బతికినవాళ్లు. ఆ భయానికి ఆధారం ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను, మీకు కొంచెం కష్టం కలిగించినా తెలుసుకోవలసిన ఉదాహరణ.

దూరదర్శన్ మహాభారతంలో భీముడిగా కనిపించిన ప్రవీణ్ కుమార్ సోబ్తి మీకు గుర్తుండే ఉంటారు. ఆయన నటుడు కాకముందు పేరున్న క్రీడాకారుడు. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డిస్కస్ త్రోలో స్వర్ణం, హ్యామర్ త్రోలో కాంస్యం గెలిచారు. 1970లో మళ్లీ డిస్కస్‌లో స్వర్ణం తెచ్చారు. దేశం తరఫున ఒలింపిక్స్‌కు వెళ్లారు, సరిహద్దు భద్రతా దళంలో ఉద్యోగం చేశారు. తర్వాత సినిమాలు, ఆ తర్వాత 1988లో మొదలైన మహాభారతంతో దేశమంతటా ఇంటింటికీ తెలిసిన ముఖం. అటుపైన 2013లో ఢిల్లీ శాసనసభకు వజీర్‌పూర్ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. ఆట, తెర, ఎన్నిక అనే మూడు మెట్లూ ఎక్కిన ఆ మనిషి 2022లో కన్నుమూయడానికి కొద్ది నెలల ముందు, తోటి క్రీడాకారులకు అందే పింఛను తనకు అందడం లేదని ప్రభుత్వానికి మొర పెట్టుకోవలసి వచ్చింది. ఆసియా స్వర్ణాలు, కోట్లమంది చూసిన భీముడి వేషం కూడా ముసలితనంలో నెలనెలా ఇంత అని చేతిలో పెట్టలేకపోయాయి. మీ నాయనకు ఈ కథ తెలియకపోవచ్చు గాని, ఆయన జంకుతున్నది ఇలాంటి ముగింపుకే. కాబట్టి ఆయనకు జవాబు చెప్పదలిస్తే ఆశయాలతో మొదలుపెట్టకండి. స్కూలు జీతం ఎంత, ఇంటి ఖర్చు ఎంత, పోటీ చేస్తే చేతి నుంచి పోయేది ఎంత, ఓడిపోతే మర్నాడు ఏ పనికి వెళతారు అన్నది కాగితం మీద రాసి చూపించండి.

ఒకరి జీవితం అలా ముగిసిందని పని మారినవాళ్లందరూ చెడిపోతారని అనుకోనక్కర్లేదు. మలయాళ హాస్యనటుడు ఇన్నోసెంట్ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, అగ్గిపెట్టెల వ్యాపారం, తోలు వ్యాపారం లాంటివి చేసి, మన పక్కన కర్ణాటకలోని దావణగెరెలో కూడా కొంతకాలం బతుకుతెరువు వెతుక్కున్నారు. 1979లో తన సొంత ఊరు ఇరింజాలకుడ మునిసిపాలిటీకి కౌన్సిలర్‌గా గెలిచారు. అప్పటికి ఆయన చిన్నాచితకా వేషాలు వేసే నటుడే, పెద్ద పేరేమీ లేదు. వందల సినిమాల్లో నటించడం, నటీనటుల సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉండడం, 2014లో చాలకుడి నుంచి లోక్‌సభకు వెళ్లడం తర్వాతి సంగతులు. పేరు వచ్చాక పదవికి వెళ్లేవాళ్లనే మనం ఎక్కువగా చూస్తుంటాం కాబట్టి ఈ వరుస నాకు ముఖ్యంగా తోస్తోంది. ఆయన ముందు తన వీధి పనికి వెళ్లారు, పేరు దాని వెనక వచ్చింది. మీ పరిస్థితి దీనికే దగ్గరగా ఉంది.

మన ప్రాంతంలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ న్యాయవాదిగా పేరు తెచ్చుకుంటూనే, ఆ వృత్తిని వదలకుండా, తెలుగు నాటకరంగంలో అగ్రశ్రేణి నటుడయ్యారు. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ఒక పనిలో కుదురుకోవాలంటే ఇంకోదాన్ని తెంచుకోవాలన్న నియమం ఆనాడే లేదు. నందమూరి బాలకృష్ణ 2014 నుంచి వరుసగా మూడుసార్లు హిందూపురం నుంచి గెలిచి కూడా సినిమాలు చేస్తూనే ఉన్నారు. అయితే ఎన్టీఆర్, బాలకృష్ణ, చిరంజీవి, పవన్ కల్యాణ్ వంటి పేర్లను మీరు కొలబద్దగా పెట్టుకోకండి. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి కావడం ముప్పై ఏళ్లకు పైగా జనం గుండెల్లో నిలిచిన కథానాయకుడికి సాధ్యమైంది. ఎన్టీఆర్ 1985 నుంచి మన హిందూపురంలో గెలుస్తూ వచ్చారు కాబట్టి, నటుడు నిలబడితే చాలు గెలుస్తాడనే నమ్మకం మన జిల్లాలో చాలామందికి ఏర్పడింది. అంత అభిమానం ఉన్న చిరంజీవి పార్టీకే 2009లో వచ్చినవి 18 స్థానాలు. ఆయన తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు, చివరకు 2017లో సినిమాలకు తిరిగొచ్చారు. రోజా 2004లో నగరిలో, 2009లో చంద్రగిరిలో ఓడిపోయాకే 2014లో నగరి నుంచి శాసనసభకు వెళ్లగలిగారు. తెర మీద కనబడ్డ ముఖం జనాన్ని గుంపు చేయగలదు, ఆ గుంపంతా ఓటుగా మారుతుందనే భరోసా మాత్రం ఎవరికీ లేదు.

మీకు అన్నిటికంటే దగ్గరగా వచ్చే జీవితం మాత్రం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంది. జెస్సీ వెంచురా అనే ఆయన వృత్తి మల్లయోధుడు. 1980ల మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని గోదా వదలవలసి వచ్చింది. కుస్తీ పోటీలకు వ్యాఖ్యాతగా మాట్లాడాడు, 1987లో వచ్చిన ప్రిడేటర్ అనే పేరున్న సినిమాలో సైనికుడి వేషం వేశాడు. ఆ తర్వాత తన ఇంటి చుట్టుపక్కల చిత్తడి నేల మీద ఇళ్ల స్థలాలు వేసే ప్రయత్నానికి ఇరుగుపొరుగువాళ్లతో కలిసి అడ్డుపడ్డాడు. వానాకాలంలో నీళ్లు ఎటు పోవాలన్నదే అక్కడి తగాదా. ఊరి కౌన్సిల్ ఈ ఇరుగుపొరుగు మాట వినకపోవడంతో తనే పోటీకి దిగి 1991 నుంచి 1995 దాకా బ్రూక్లిన్ పార్క్ అనే ఊరికి మేయరుగా పనిచేశాడు. మేయరైనంత మాత్రాన తన మాటే చెల్లలేదు. కౌన్సిల్లో ఆయనదీ ఒక ఓటే. 1998లో రెండు పెద్ద పార్టీల అభ్యర్థులనూ ఓడించి రాష్ట్ర గవర్నరయ్యాడు, ఒక్క పదవీకాలం చేసి మళ్లీ పోటీ చేయలేదు. ఆయన అభిప్రాయాలన్నీ మనకు నచ్చాలని లేదు, నాకూ నచ్చవు. కాని రాజకీయంలోకి ఆయన్ని లాగిన విషయం వీధిలో నిలిచిన వాననీళ్లని మాత్రం గమనించండి.

అనంతపురంలో ఉండే మీకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు జనం ఇళ్లు వదిలి బయటికి రావలసి వచ్చింది. కరువు జిల్లాగా పేరుపడ్డ ఊళ్లో వరద రావడానికి వాన ఒక్కటే కారణం కాదు. వంక గట్లు తగ్గిపోయాయి, కాలవల్లో చెత్త పేరుకుంది, నీరు పోయే దారిలో ఇళ్లు లేచాయి. మీ డివిజన్‌లో వంక ఎక్కడ ఇరుకవుతుంది, ఏ కల్వర్టు దగ్గర చెత్త ఆగుతుంది, తాగునీళ్లు ఏ వీధికి ఎన్ని రోజులకోసారి వస్తాయి, చివరి ఇళ్లకు ధార ఎందుకు సన్నబడుతుంది అనే వాటికి మీ దగ్గర ఇప్పుడు జవాబు ఉందా? ఉంటే మీరు సగం సిద్ధమైనట్టే. లేకపోతే నామినేషన్ గడువు వచ్చేలోగా ఇల్లిల్లూ తిరిగి తెలుసుకోండి, చేతులు జోడించి ఓటడగడానికి వెళ్లే ముందే ఒకసారి వట్టి చేతులతో వెళ్లండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన బోరు సంగతి. ఆ పని ఎలా జరిగి ఉంటుందో ఊహించగలను. అర్జీ రాసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకుని ఉంటారు. వారం తర్వాత వెళితే ఫైలు ఇంజినీరింగ్ విభాగంలో ఉందని చెప్పి ఉంటారు. అక్కడ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఫీల్డుకు వెళ్లారని, మోటారు కాలిపోయిందో కేబుల్ పోయిందో చూడాలని, ఎస్టిమేట్ వేయాలని, దానికి డబ్బు ఏ పద్దులో ఉందో తేలాలని అని ఉంటారు. మీరు మళ్లీ వెళ్లి ఉంటారు. గొంతు పెంచితే ఫైలు అడుక్కి పోతుందని, పెంచకపోతే కదలదని, ఏ రోజు ఎవరిని ఎంత మర్యాదగా, ఎంత గట్టిగా అడగాలో మీకు తెలిసి వచ్చి ఉంటుంది. చివరకు బోరు పనిచేసింది, పిల్లలు నీళ్లు తాగారు. కార్పొరేటర్ పని అంటే ప్రధానంగా ఇదే. ఏ పార్టీ పిలవకముందే, ఏ పదవీ లేకుండానే మీరు ఆ పని చేశారు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: కొన్ని షరతులు కుదిరితే మీరు పోటీ చేయడం మంచిదే, ఆ బోరు బాగు చేయించిన మనిషిగా పోటీ చేయండి. పార్టీవాళ్లు మాత్రం మిమ్మల్ని "సీరియల్‌లో వేసినాయన" అని చూసి పిలిచి ఉండవచ్చు. కరపత్రం మీద, ఫ్లెక్సీ మీద సీరియల్ వేషంలో ఉన్న ఫొటో వేస్తామంటే వద్దనండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీరు ఎనిమిదేళ్లు వేసిన వేషాలు ఎలాంటివో చెప్పకపోయినా తెలుసు. రాయలసీమ మనిషంటే తెల్లచొక్కా, మెలితిరిగిన మీసం, సుమో వెనక వేటకొడవలి అని సినిమా ఏళ్ల తరబడి చూపించింది. కడప, కర్నూలు, అనంతపురం నుంచి వెళ్లిన దృఢమైన యువకులకు అక్కడ దొరికేవి ఎక్కువగా ఆ గుంపులోని వేషాలే. పొట్ట కోసం వేసిన వేషాలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని ఓటు అడిగేటప్పుడు ఆ నడక, ఆ చూపు, జీపుల మీద కుర్రాళ్ల ఊరేగింపు కనిపించాయంటే, ఈ సీమలో నిజంగా అలాంటి కక్షల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి, వాళ్లకు అది వేషంగా తోచదు. ప్రచారానికి మీ వెంట పొద్దున మైదానానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు నడిస్తే చాలు.

పదవి పరిమితులు కూడా ముందే తెలుసుకోవాలి. అనంతపురం నగరపాలక సంస్థలో 50 డివిజన్లు ఉన్నాయి, మీరు గెలిస్తే ఆ యాభై మందిలో ఒకరు. మేయరును ఎన్నుకునేది కార్పొరేటర్లే, ఆ ఎన్నికలో పార్టీ విప్‌ను, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదంటే సభ్యత్వానికే ముప్పు వస్తుంది. పాలన నడిపేది కమిషనరు, పనులకు అంచనా వేసేది ఇంజినీర్లు, బిల్లు ఆగితే పని వదిలేసేది కాంట్రాక్టరు. కౌన్సిల్లో అజెండా మీద మాట్లాడడం, తీర్మానానికి ఓటు వేయడం, అధికారుల వెంటపడి పని చేయించుకోవడం మీ చేతుల్లో ఉండేవి. అయిదేళ్ల చివర మీ పేరుతో చూపించడానికి రెండు కాలవలు, ఒక రోడ్డు, కొన్ని దీపాలు మిగలవచ్చు. దానికి మీ మనసు ఒప్పుకుంటుందో లేదో నిజాయితీగా ఆలోచించండి. షూటింగులో సంభాషణ వేరేవాళ్లు రాసిస్తారు, బాగా రాకపోతే ఇంకో టేక్ ఉంటుంది. పొద్దున అయిదింటికి తలుపు తట్టి కొళాయి రాలేదని అడిగే మనిషికి చెప్పే జవాబు మాత్రం అప్పటికప్పుడు మీరే చెప్పాలి, అది మూడు నెలల తర్వాత కూడా వాళ్లకు గుర్తుంటుంది. ఆట నుంచి, నటన నుంచి మీకు పనికొచ్చేవీ లేకపోలేదు. ఓడినా మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లే అలవాటు, పదిమంది ముందు తడబడకుండా మాట్లాడే గొంతు, షాట్ కోసం గంటలు గంటలు కూర్చునే ఓపిక. ఈ చివరిది కార్పొరేషన్ ఆఫీసులో అన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది.

ఇక షరతులు. ఒకటి, డబ్బు. ఎన్నిక ఖర్చు పార్టీ చూసుకుంటుందని నోటిమాటగా చెబితే సరిపోదు. ఎంత, ఎవరు, ఎప్పుడు ఇస్తారు అన్నది అడిగి తేల్చుకోండి. మీ సొంత డబ్బు ఎంతవరకు పెట్టగలరో మీరూ మీ భార్యా కూర్చుని ఒక మొత్తం అనుకుని, దాని మీద ఒక్క రూపాయి కూడా ముట్టుకోకండి. ఇల్లు తాకట్టు పెట్టో, ఆమె నగలు కుదువపెట్టో పోటీ చేసినవాడు గెలిచిన మర్నాటి నుంచి ఆ డబ్బు ఎలా రాబట్టుకోవాలా అని చూస్తాడు. స్థానిక రాజకీయంలో మంచివాళ్లు చెడిపోయింది చాలావరకు ఈ దారిలోనే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి చెబుతున్నాను. కార్పొరేటర్‌కు వచ్చే గౌరవ వేతనంతో ఇల్లు గడవదు కాబట్టి గెలిచినా స్కూలు ఉద్యోగం ఉండాలి. యాజమాన్యంతో ముందే మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును కాగితం మీద తీసుకోండి.

రెండోది మీ భార్య. ఆమెకు రాజకీయం ఇష్టం లేదని రాశారు గాని ఎందుకు లేదో రాయలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఇంటి ముందు ఎప్పుడూ పదిమంది ఉంటే నిద్రపోలేదు. అదే కారణమైతే జనాన్ని కలవడానికి ఇంటికి దూరంగా ఒక చోటు చూసుకోవచ్చు. భయమో, అప్పుల అనుమానమో అయితే పైన చెప్పిన లెక్క ఆమెతో కలిసి వేయడమే మందు. ఆమె మనస్ఫూర్తిగా సరే అనేదాకా పార్టీకి మాట ఇవ్వకండి.

మూడోది రిజర్వేషన్. డివిజన్లకు రిజర్వేషన్లు మారుతూ ఉంటాయి, స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మీ డివిజన్ మహిళలకు కేటాయిస్తే మీ భార్యను నిలబెట్టి మీరు నడిపించమని పార్టీవాళ్లే సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇష్టం లేదని ముందే చెప్పిన మనిషిని పేరుకు కూర్చోబెట్టి, కౌన్సిల్ మెట్ల దగ్గర భర్తలు ఫైళ్లు పట్టుకుని తిరగడం మనం చాలా చోట్ల చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు మీ మైదానానికి వచ్చే పిల్లల తల్లుల్లో చురుకైన మనిషి ఎవరైనా ఉంటే ఆమెను నిలబడమని అడిగి, ఆమె వెనక మీరు పనిచేయండి. మీ పనికి అప్పుడు కూడా విలువ తగ్గదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్న ఏళ్లలో ఓటు అక్కడికి మార్చుకుని ఉంటే, ఇక్కడి జాబితాలో మీ పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు ఉంటే కట్టి రసీదులు దాచుకోండి. ఎప్పుడో గొడవలో పెట్టిన పాత కేసేదైనా ఉంటే వకీలును అడిగి వివరాలు సిద్ధం చేసుకోండి, ఎందుకంటే నామినేషన్‌తో పాటు ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలు ఇవ్వాలి.

సీరియల్ మాటకు వస్తే, నెలకు పదిహేను రోజులు ఊళ్లో లేని మనిషి మరో పక్క డివిజన్ పని చేస్తానని చెప్పడం అటు సీరియల్‌వాళ్లనూ ఇటు ఓటర్లనూ మోసం చేయడమే అవుతుంది. ప్రొడక్షన్ మేనేజరుతో దాపరికం లేకుండా మాట్లాడండి. పాత్రను నెలకు నాలుగైదు రోజులకు కుదించగలరేమో, వారాంతాల్లో మీ భాగం తీయగలరేమో అడగండి. ఒప్పుకుంటే హాయిగా చేయండి, ఆ డబ్బు మీ ఇంటికి ఎంతో ఆసరా. ఒప్పుకోకపోతే ఈసారికి సీరియల్ వదులుకోండి. ఒకవేళ పైన చెప్పిన షరతుల్లో ఏదో ఒకటి కుదరక పోటీయే విరమించుకుంటే, సీరియల్‌కు వెంటనే సరే అనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పోటీ చేసి ఓడిపోయినా నటన మీకు తెరిచే ఉంటుంది. నలభై దాటాక తండ్రి పాత్రలకు, పోలీసు అధికారి పాత్రలకు మీలాంటి ఒడ్డూపొడుగు ఉన్నవాళ్ల అవసరం ఇంకా పెరుగుతుంది.

చివరిగా ఆ ఆడపిల్లల విషయం. ప్రచారం జరిగే నెలల్లో పొద్దుటి సాధన తప్పకుండా ఆగిపోతుంది, ఎవరో ఒకరికి అప్పగించకపోతే. మీ దగ్గర నేర్చుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే, మైదానం గది తాళాలు, హాజరు పుస్తకం, ప్రథమ చికిత్స పెట్టె ఆమె చేతికిచ్చి, ఇప్పటి నుంచే వారానికి రెండు రోజులు ఆమె ఒక్కతే నడిపేలా చూడండి. పార్టీవాళ్లకు జవాబు చెప్పడానికి ముందే ఈ ఏర్పాటు పూర్తి చేసుకోండి.